పేగుల కోసం వచ్చిన పెద్దమనిషి

నేను పాడేరులో ఇంటర్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన రోజుల్లో, మా కొండల కోళ్ళ పేగుల్లోని ఏలికపాములు ఊరికొక జాతివా, అన్నిచోట్లా ఒకటేనా అని తేల్చడానికి పట్నం నుంచి ఒక పరిశోధకుడు మా ఊరు వచ్చాడు. గడపలోకి వచ్చినవాడు కోడిని అడిగితే మావాళ్ళు కాదనరు. మా ఇంట్లో ఆయన గుడ్లమీద కూర్చున్న పెట్టనే చూపించాడు.

"అది పొదుగుతున్నాది బాబూ. పుంజునట్టుకెళ్ళు," అంది అమ్మ.

"పుంజు వెనక ఎవరు పరిగెత్తుతారమ్మా? నాకు పేగులు చాలు, మాంసం మీరే తినండి."

ఎంత ఔదార్యం! పెట్టను కోయించి, పాముల్ని సీసాలో వేసుకుని మురిసిపోయాడు.

అమ్మ గుడ్లను ఒడిలో చుట్టుకుంది. "బేగెళ్ళే గుంటా, పొదిగే పెట్ట ఎవురింట ఉన్నాదో సూడు."

ఊరంతా తిరిగాను. పొదిగే పెట్టలన్నిటినీ ఆయన పొద్దున్నే కోయించాడు. అమ్మ ఒడిలో గుడ్లు చల్లారిపోయాయి. ఆ మేధావి మాత్రం మా ఊళ్ళో కోళ్ళు మరీ తక్కువని విసుక్కుంటూ జీపెక్కాడు.