మస్తాన్ ఓడిపోయిన బేరం

ఉదయగిరి మస్తాన్‌ను బేరంలో ఓడించిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఆత్మకూరులో ధాన్యపు అంగడి గల్లాపెట్టె పక్కన పెరిగి, నాగలి పట్టెరుగని నేను, ఈ ఏడు అతని జొన్నచేను వంతుకు తీసుకున్నాను. మూడు వంతుల్లో రెండు నాకు. విత్తిన నాటినుంచి కోత దాకా అతను గట్టున కూర్చుని నేర్పాలి. అడిగిందే తడవు ఒప్పుకున్నాడు.

"కోత దాకా ఉండాలిరా," అన్నాను.

"నేనేడికి పోతాన్రా."

గింజ పాలు పోసుకునే వేళ అతను దివంగతుడయ్యాడన్న వార్త ఫోనులో విన్నప్పుడు, నేను ఆ చేలోనే రేకుడబ్బా కొడుతూ పిట్టల్ని తోలుతున్నాను. చాలాసేపు డబ్బా కొడుతూనే ఉన్నాను.

ఏళ్ల తరబడి మా అంగడికి ధాన్యం తోలుతూ, పొడి గింజల కింద ఒక్క తడి గింజనూ దాచని సత్యసంధుడు మస్తాన్.

విత్తిన కొత్తల్లో, మొలకలు జానెడు లేచాక, ఒత్తుగా ఉన్నవి పీకమన్నాడు. మొలిచిన సరుకు పారేయడం మా వంశంలో లేదు.

"పెట్టుబడిని పీకి పారెయ్యమంటావేందిరా?"

"నీ గల్లా కాడ గిరాకీ అంతా ఒక్కసారే తోసుకుంటే ఎవురికన్నా సరుకు అందుతాదా? ఇదీ అట్టనే. పీకు."

దయతలచి ఒక సాలు పీకకుండా వదిలేశాను. ఆ సాలులో కంకులు చిటికెన వేలంత వచ్చాయి.

తను మాత్రం చేలోకి దిగలేదు. సోమరివని వెక్కిరించాను. "రెండు వంతులు తినేవోడివి నువ్వు. ఒక్క వంతుకు నేనెందుకు దిగాల?" అన్నాడు. చిక్కిపోయావేమంటే, షుగరుకని అన్నం తగ్గించానన్నాడు. పైరు పొట్టకైనా రాకముందే కోత సంగతి ఎత్తాడు. "గింజ అడుగున నల్లచుక్క పడినాకే కొయ్యి. ముందే కోస్తే బస్తాలో బూజు పడతాది."

"అప్పుడు చూపిద్దువులే."

"ఇప్పుడే విను."

ఖననం అయ్యాక అతని భార్య మహబూబ్‌బీ చెప్పింది. "విత్తకముందే డాక్టరు చెప్పేసినాడన్నా. కోత చూడనని తెలుసాయనకు. నీకు చెప్పబాకన్నాడు."

తడి ధాన్యాన్ని వాసనతో పసిగట్టే నన్ను ప్రాణస్నేహితుడు ఇంత నిండుగా మోసగించాడు. సంతాపసభలో అందరూ అతన్ని కీర్తించారు.  నేను మాట్లాడి ఉంటే తిట్టేవాణ్ణి.

నల్లచుక్క చూసే కోయించాను. నూర్చి, ఎండబోసి, నలభయ్యోనాటి ఫాతిహా ప్రార్థన లోపే వాళ్లింటికి బస్తాలు చేర్చాను. రెండు వంతులు దించబోతే మహబూబ్‌బీ వాకిట్లో అడ్డం నిలిచింది. "ఒక్క వంతే. ఆయన మాటను నువ్వు కొట్టెయ్యబాకన్నా."

కనుక లెక్క ఇదీ. రెండు వంతుల జొన్నలు, చేను చేసే విద్య నాకు దక్కాయి. పైరు పాడవకుండా పంట ఇల్లు చేరింది, అతను కోరిందదే. జబ్బని తెలిస్తే నేను చేను ముట్టేవాణ్ణి కాదు, అతన్ని నెల్లూరు ఆసుపత్రికి ఈడ్చుకెళ్లేవాణ్ణి. అది తెలిసే దాచాడు. అటువంటి కర్షకుడు ఈ ఉదయగిరి కొండ కింద మళ్లీ పుట్టడు. అతను గట్టున కూర్చున్న చివరి నెలలు నేను వెక్కిరింతలతో ఖర్చుచేశాను. అవి నా నష్టం కిందే రాసుకున్నాను. చెప్పకుండా పోయిన ఆ ఒక్క మాట తప్ప, మస్తాన్ నాకేమీ బాకీ లేడు.