మా బావ అడగకుండా కనుక్కున్న సంగతి

మా పెద్దక్క భర్త, నాకు బావ, పోయిన వారం కోవూరులో పోయాడు. కబురు తెచ్చిన మనిషి "పొద్దున టీ తాగి, ఇంకో అరగ్లాసు తెమ్మని, అది వచ్చేలోపల పోయినాడయ్యా" అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. ఏ ఇంటికి వెళ్ళినా రెండో అరగ్లాసు పడందే లేచేవాడు కాదు బావ. బాధ ఉంది కానీ, తృప్తిగా బతికిన మనిషి. ఏడుపు మొహంతో రాస్తే ఊరుకోడు.

బియ్యం మిల్లులో ఫిట్టరు పని ఆయనది. దారిలో ఎవరి బండి ఆగినా కింద కూర్చుని చక్రాలు తడిమి చూసేవాడు. బండివాడు కసిరితే నవ్వి లేచేవాడు.

పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో ఆయనకో ఆలోచన పట్టుకుంది. సముద్రం ఒడ్డు పల్లెల నుంచి కోవూరికి చేపలు నెత్తిన గంపల్లో వచ్చేవి. వాటికోసం తక్కువ ఖరీదులో, తొక్కుకుంటూ పోయే మూడు చక్రాల బండి చెయ్యాలని. పాత సైకిలు చక్రాలతో ఒకటి చేశాడు. అలాంటివి ఇరవై చేసి అమ్మాలంటే మిల్లు మానాలి, ఉన్న ఒక్క వరి కయ్య అమ్మాలి. అక్క మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు "కొనేవాళ్ళు ఉండారో లేదో కనుక్కో. ఆ తర్వాతే కయ్య మాట" అంది.

కనుక్కునే పని నాకు పడింది. బళ్ళో లెక్కలు చెప్పేవాణ్ని, నోటుబుక్కు పట్టుకుని దర్జాగా వెళ్ళాను. నేను వెళ్ళిన పల్లెలో ఊరిపెద్ద అయిన పెద్దకాపు మాటకు తిరుగులేదు. నాకు ముంజెలు పెట్టించి, మగవాళ్ళందరినీ పిలిచి, "బండి మంచిదే, ఏమంటారబ్బా?" అన్నాడు.

"మంచిదే పెద్దకాపా, తీసుకుంటాం" అన్నారు అందరూ. రెండు పేజీల పేర్లు రాసుకొచ్చాను.

బావ చదివి తల గీక్కున్నాడు. "అందరూ మొగోళ్ళేనే?"

"ఇంటి యజమానులు వాళ్ళే గదా బావా."

"చేపలు పట్టేది వాళ్ళు. మోసేదెవరు రా? పైగా పెద్దకాపు ముందర అడిగినావు. ఆయన మంచిదన్నాక కాదనేవాడు యాడుంటాడు? నోరు మొహమాటానికి ఔనంటాది బామ్మర్దీ. కాళ్ళకి మొహమాటం ఉండదు."

మిల్లుకు వారం సెలవు పెట్టి, ఇసక అయిపోయి కంకర రోడ్డు మొదలయ్యే చోట బండి వదిలాడు. "ఎవరికి కావాలంటే వాళ్ళు తీసకపోండమ్మా" అని ఆడవాళ్ళకు చెప్పి, కోవూరి వైపు కొంత దూరంలో కాలవ గట్టు మీద కూర్చున్నాడు. ఎండాకాలం సెలవులు కనుక పక్కన నేను.

రెండు రోజులు బండి రాలేదు. గంపలే మా ముందునుంచి వెళ్ళాయి. బావ మొహం చూడలేకపోయాను. మూడో రోజు వచ్చింది. ఒక నడివయసు ఆమె తొక్కడం లేదు, వెనకనుంచి తోసుకొస్తోంది. బండిలో ఆమె గంపతోపాటు ఇంకో రెండు. కోక కట్టుకున్న మనిషి ఎలా తొక్కుతుందని మా ఇద్దరికీ తట్టనే లేదు!

పని చెడిందనుకున్నాను. బావ తొడ చరుచుకున్నాడు. "తొక్కే సామానంతా దండగే రా! తీసేస్తే ఖరీదు సగానికి దిగుతాది."

ఆ సాయంత్రమే పెడళ్ళు, గొలుసు, సీటు ఊడదీసి, తోసేందుకు కడ్డీ బిగించాడు. వారం ముగిసేసరికి ఆడవాళ్ళు వంతుల కోసం పోట్లాడుకుంటున్నారు. అప్పుడు బావ ఎవరికీ చెప్పకుండా బండిని ఇంటికి తెచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. "కాళ్ళు రానీ" అన్నాడు.

నేను ఆయనకు రుణపడింది ఇక్కడే. ఆ ఏడునుంచి తరగతిలో "అర్థమైందా?" అని అడగడం మానేశాను. అడిగితే అందరూ అయిందనే అంటారు. పలకలు చూడటం మొదలుపెట్టాను.

బండి తెచ్చేసిన మర్నాడు చేపలు అమ్ముకుని, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, మొదట బండి తోసుకొచ్చిన ఆమె బావ వాళ్ళ గుమ్మం ముందుకొచ్చింది. "అన్నా, బండి యాడ పెట్టినావు?"

"ఇక్కడే ఉండాదమ్మా. ఏం?"

"మేం ముగ్గురం కలిసి తీసుకుంటాం. మా వెనకింటోళ్ళు వాళ్ళకీ ఇంకోటి చెయ్యమన్నారు."

లోపల్నుంచి అక్క వచ్చింది. "పెడళ్ళు లేని బండికి కయ్య అమ్మే పనేముంది? రెండు రెండుగా చేసుకో. మిల్లు మానబాక" అంది. అక్కా బావా ఒకరినొకరు చూసి నవ్వుకోవడం నెల రోజుల్లో నేను చూసింది అదే మొదటిసారి.

ఆమె గంపను బండిలో వేసి బయల్దేరింది. ఇన్నేళ్ళూ నెత్తిన గంపతో మెడ బిగబట్టి ఎదురుగా తప్ప చూడని దారి అది. బండి తోసుకుంటూ ఒకసారి కాలవ వైపు, ఒకసారి కయ్యల వైపు తల తిప్పి తిప్పి చూసుకుంటూ పోయింది.