టోకెనమ్మ చేతి మడత

మా అత్తయ్య ఒక బట్టల షాపు రెండో అంతస్తులో ట్రయల్ రూముల దగ్గర పనిచేస్తుంది. నాలుగు గదులు, నాలుగు అద్దాలు, ఆవిడకి ఒక స్టూలు. లోపలికి వెళ్ళేవాళ్ళ చేతిలో ఎన్ని జతలున్నాయో చూసి ఆ అంకె ఉన్న ప్లాస్టిక్ టోకెను ఇస్తుంది. మూడు జతలు దాటితే పంపదు, వచ్చింది షాపు ఓనరు బావమరిదైనా సరే. జనం వేసుకుని చూసి, నచ్చక, లోపల కుప్పేసి పోయిన బట్టల్ని మడతపెట్టడం ఆవిడ అసలు పని. ఆవిడ మడతపెట్టిన చొక్కాని విప్పి తొడుక్కోవడానికి మనసు రాదు. షాపులో అందరూ టోకెనమ్మ అంటారు.

నేను పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళకి అచ్చులు పోస్తాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా చెవుల్లో కూడా ప్లాస్టర్ పొడి ఉంటుంది. నేను మడతపెట్టిన బట్టకీ, నలిపి పారేసిన బట్టకీ తేడా లేదని అత్తయ్య నమ్మకం. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను మడతపెట్టిన ప్రతిదాన్నీ నా కళ్ళముందే విప్పి మళ్ళీ మడతపెడుతుంది. ఒక్క మాట అనదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేసి చల్లబడేదాన్ని.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఈవిడ ఒకప్పుడు ట్రయాథ్లాన్ మనిషి. ముందు ఈత, ఆ తడి ఒంటితోనే సైకిలు, సైకిలు దిగి పరుగు; మూడూ ఒకే ఊపులో పూర్తి చెయ్యాలి. ఆవిడకి చిన్నప్పట్నుంచే ఈత వచ్చు, షాపుకి సైకిలు మీద పోయేది, సైకిలు చెడిన రోజున బస్సు వెనక పరిగెత్తేది. మూడూ వచ్చినప్పుడు పోటీకి పోతే తప్పేంటి అనుకుందట. మూడుసార్లు పోయింది, మూడుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది. ఊపిరి అందక కాదు, కాలు పట్టేసీ కాదు. ఈ పోటీల్లో బట్టలూ బూట్లూ మార్చుకునే చోటు ఒకటి కంచె కట్టి పెడతారు. ఈత అయ్యాక ఒకసారి, సైకిలు దిగాక ఒకసారి అక్కడికే రావాలి. తొందరలో ఉన్నవాళ్ళు తువ్వాలు ఒకవైపు, చొక్కా ఒకవైపు విసిరేసి పోతారు. వాటిని అలా వదిలేసి పోవడం అత్తయ్య వల్ల కాలేదు. మూడోసారి గడువు గంట కొట్టాక ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారట. అప్పటికి ఎవరివో ప్యాంట్లు మడతలు మడతలుగా ఆవిడ గడ్డం దాకా ఉన్నాయట. ఆ రోజే సైకిలు అటకెక్కింది. అప్పుడు మా ఆయన బడికి పోయే పిల్లాడు. ఇప్పుడు ఆయనకి బట్టతల.

ఈ మధ్య ఆవిడ ఈడుదే ఒకామె పోటీ బట్టలు కొనడానికి షాపుకి వచ్చిందట. ట్రయల్ రూములో అన్నీ తొడిగి చూసి, నచ్చనివన్నీ నేలమీద వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయిందట. ఆ సాయంత్రం అత్తయ్య కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"అలా వెనక్కి చూడకుండా ఎలా పోయిందే ఆవిడ?" అంది నాతో.

"కాళ్ళతో పోయి ఉంటుంది లెండి," అన్నాను.

"నేనూ మళ్ళీ పోటీకి పోతాను. ఎన్నోదాన్నైనా పర్లేదు. చివరి గీత ఒక్కసారి దాటితే చాలు నాకు."

ఆ మాటంటున్నప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నిజంగానే జాలేసింది. మామయ్య మాత్రం పేపరు దించకుండా, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు," అన్నాడు.

ఈత ఎక్కడికీ పోలేదు, నీళ్ళలో దిగగానే వచ్చేసింది. సైకిలు అటక దిగి నూనె పోయించుకుని కదిలింది. ఆవిడది పరుగనలేం, తొందరపడే నడక. అది సరిపోతుంది. అసలు సాధన కావలసింది మడతపెట్టకుండా ఉండడానికి. దానికి ఆ ఇంట్లో నన్ను మించిన గురువు ఎవరున్నారు? కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నా పని. పొద్దున్నే హాలంతా బట్టలు చిందరవందరగా పారేసేదాన్ని. ఆవిడ స్నానాల గదిలోంచి తడి ఒంటితో వచ్చి, బూట్లు వేసుకుని, దేన్నీ ముట్టకుండా గుమ్మం దాటాలి. మొదటి రోజు ఒక మేజోడు దగ్గరే ఆగిపోయింది. రెండో రోజు మేజోడు దాటి లుంగీ దగ్గర ఆగింది. కళ్ళు మూసుకుని నడవమని మా ఆయన సలహా ఇస్తే కుర్చీకి గుద్దుకుని మోకాలు వాచింది.

సంగతి తెలిసి పక్కింటివాళ్ళు కూడా సాయం చేస్తామని వాళ్ళ ఉతికిన బట్టలు తెచ్చి మా హాల్లో పారేయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి చక్కగా మడతలతో పట్టుకుపోయేవాళ్ళు. వాళ్ళ సాయం ఏపాటిదో నాకు తర్వాత అర్థమైంది. తలుపు గడియపెట్టాను.

చివరికి "నాది కాదు, నాది కాదు" అని జపం చేసుకుంటూ గుమ్మం దాటడం అలవాటైంది. కాకపోతే ఇంట్లో ఆవిడకి ఒక ధైర్యం ఉంది, తిరిగొచ్చాక మడతపెట్టుకోవచ్చని.

పోటీ రోజు షాపునుంచి సేల్స్ అమ్మాయిలిద్దరు చూడడానికి వచ్చారు. మెళ్ళో ఈల వేసుకున్న పెద్దమనిషి అందరికీ నియమాలు చెబుతూ అత్తయ్యని గుర్తుపట్టాడు. ఒకసారి నాలుగు జతలతో లోపలికి పోబోతే ఆవిడ వెనక్కి పంపిన మనిషట. "టోకెనమ్మా, ఇవాళ నా వంతు," అని నవ్వాడు. "పోటీలో లేనివాళ్ళు ఎవరైనా ఈ కంచె దాటి లోపలికొస్తే, వాళ్ళ తాలూకు మనిషి పోటీ రద్దు. బంధువులు గుర్తుపెట్టుకోవాలి." ఆయన నా వైపే చూసి చెప్పినట్టనిపించింది.

ఈత అయ్యాక అత్తయ్య జపం చేసుకుంటూ కంచెలోకి వచ్చి, సైకిలు తీసుకుని, గట్టెక్కింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. సైకిలు అయ్యేసరికి ఆవిడే ఆఖరు. ఈసారి లోపల సంత ముగిసిన మైదానంలా ఉంది. తడి తువ్వాళ్ళు, చొక్కాలు, మేజోళ్ళు. ఆవిడ సైకిలు ఆనించి, గబగబా నడిచి, ఒక నల్ల కోటు దగ్గర ఆగిపోయింది. దాని ఒక చెయ్యి లోపలికి తిరిగి ఉంది.

"అత్తయ్యా, కదలండి, గంట కొట్టేస్తారు," అన్నాను కంచె ఇవతల నుంచి.

"ఇదొక్కటేనే. ఇది సరిచేసి పోతాను."

"మీరు ఒక్కదానితో ఆగరు. నేను చేస్తాను, మీరు పోండి."

"నువ్వా?" అంది.

ఆ ఒక్క మాటలో నేను ఇన్నాళ్ళూ మడతపెట్టిన దుప్పట్లన్నీ నాకు కనపడ్డాయి. ఒళ్ళు మండింది. ఈలాయన చివరి గీత దగ్గర ఉన్నాడు, కంచె దగ్గర మనిషి లేడు. దాటాను. కోటు అందుకుని చెయ్యి బయటికి లాగి, నాకు చేతనైనట్టు మడతపెట్టాను. ఆవిడ ఆ మడత చూసి చేదు మందు మింగినట్టు మొహం పెట్టింది.

"అన్నీ పెడతావా?"

"అన్నీ."

కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. తర్వాత పరిగెత్తింది. వెనక్కి చూడలేదు.

మాటిచ్చాను కాబట్టి అన్నీ మడతపెట్టాను. ఆవిడ సంతోషిస్తుందని షాపులోలాగా రంగులవారీగా పేర్చాను కూడా. అంతా అయ్యాక మెల్లగా కంచె దాటి చివరి గీత దగ్గరికి పోయాను. గీత మీద పరిచిన తివాచీ చుట్టేయబోతున్న వాళ్ళు ఆవిడ కోసం మళ్ళీ పరిచారు. గీత దాటి ఆవిడ ఒక్క క్షణం నిలబడి కాళ్ళకేసి చూసుకుంది. ఎవరో మెళ్ళో పతకం వేశారు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

అప్పుడే కంచె దగ్గర గొడవ మొదలైంది. ఎవరి బట్టలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియడం లేదు. తెల్ల చొక్కాలన్నీ ఒక దొంతర, నల్ల ప్యాంట్లన్నీ ఇంకో దొంతర, అన్నీ ఒకపక్కకి వాలిపోయి ఉన్నాయి. చెమట ఒళ్ళతో జనం తవ్వుకుంటున్నారు.

"ఎవరు చేశారిది? బయటివాళ్ళు లోపలికొచ్చారా?" అన్నాడు ఈలాయన.

నేనేనని ఒప్పుకుంటే ఆవిడ పతకం పోతుంది.

"నేనే," అంది అత్తయ్య. "పక్కవాళ్ళ బట్టలు మడతపెట్టకూడదని రూలేమైనా ఉందా బాబూ?"

ఆయన ఆలోచించాడు. అలాంటి రూలు పెట్టాలని ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. వంగి ఒక చొక్కా ఎత్తి చూశాడు. కాలరు ఒకవైపు, చేతులు ఇంకోవైపు వేలాడాయి.

"మీ మడత నాకు తెలుసమ్మా. ఇది మీ చేతి మడత కాదు."

సేల్స్ అమ్మాయిలిద్దరూ ఆ చొక్కానే చూస్తున్నారు. అత్తయ్య కూడా చూసింది. తర్వాత కుడిచెయ్యి ముందుకి చాపింది. అది గడగడా వణుకుతోంది.

"వయసు మీదపడింది బాబూ. చెయ్యి నిలవడం లేదు. మునుపటి మడత ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఈలాయన మొహం మెత్తబడింది. చొక్కాని మెల్లగా పాత మడతలోనే పెట్టేసి, జాగ్రత్తమ్మా అని పోయాడు. సేల్స్ అమ్మాయిల్లో ఒకామె కళ్ళు తుడుచుకుంది. రేపటికల్లా షాపంతా తెలిసిపోతుంది, టోకెనమ్మ చెయ్యి పోయిందని. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. నాకు నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది, ఆవిడ కాళ్ళమీద పడాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. బస్సులో ఆవిడ సంచీ నేను పట్టుకున్నాను, అంతే.

ఇంటికొచ్చాక దండెం మీది బట్టలు తెచ్చి హాల్లో కూర్చుని మడతపెట్టాను. ఎప్పటికంటే శ్రద్ధగా, అంచుకి అంచు చూసుకుంటూ పెట్టాను. అత్తయ్య మెళ్ళో పతకం తియ్యకుండానే వచ్చి నా పక్కన చతికిలబడింది. దొంతర తన ముందుకి లాక్కుని ఒక్కొక్కటే విప్పి మొదటినుంచీ మడతపెట్టింది. ఆ చెయ్యి ఎక్కడా వణకలేదు.