పాత పాట అని వేస్తే చాలు

మధ్యాహ్నం షిఫ్టులో ఉండగా మిల్లు ఆఫీసుకు ఫోను వచ్చింది. సూలూరులో మా మేనత్త పోయింది. యంత్రాల మోతలో సరిగా వినబడక ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను.

అత్త నూలు చుట్టే విభాగంలో పనిచేసేది. చదివిన మూడు తరగతులూ తమిళంలోనే. కానీ వాళ్ల అవ్వ నేర్పిన తెలుగు జోలపాట ఒక్క చరణం తప్పకుండా పాడేది. ఒక ఆయుధపూజకు మిల్లులో ఆమె పాట విన్న రికార్డు కంపెనీ ఏజెంటు మద్రాసుకు పిలిపించాడు. మామయ్య తోడు వెళ్లాడు.

రికార్డుకు ఒకవైపు మూడు నిమిషాలే పడుతుందని నాలుగు చరణాలు తీసేయించారు. అత్త ఒప్పుకుంది. తర్వాత ఇంగ్లీషు కాగితం ఒకటి ముందు పెట్టారు.

"చదివి చెప్పండి సార్. తెలవకుండా సంతకం ఎట్ల పెట్టేది?" అంది.

రికార్డు కంపెనీ సొత్తు. ఎన్ని అచ్చు వేయాలో, ఎప్పుడు ఆపాలో వాళ్ల ఇష్టం. ఆ పాట ఆమె ఇంకో కంపెనీకి పాడకూడదు. ఏజెంటు ఓపిగ్గానే చెప్పాడు.

"ఇంట్లో బిడ్డలకు పాడొచ్చా?"

"దానికేమమ్మా, పాడుకోండి."

సంతకం పెట్టింది.

రికార్డు ఇల్లు చేరిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. నడుమ అంటించిన ఎర్ర కాగితం మామయ్య చదివాడు. పాడింది అత్త. పాట కట్టింది మాత్రం కంపెనీ సంగీతం మాస్టరట!

"మా అవ్వ పాట ఆయన ఎప్పుడు కట్టినాడు?" అత్త మొహం వాడిపోయింది.

మరుసటి ఏడు ఏజెంటు రెండో రికార్డుకు అడగడానికి వచ్చాడు.

"ముందు ఆ పేరు తీయండి సార్. పాత పాట అని వేస్తే సాలు."

"కంపెనీ పద్ధతి అది. మార్చరమ్మా."

"అట్లయితే నాకు వొద్దు. కాపీ తాగి పోండి."

మామయ్య బతిమాలినా వినలేదు. నేనూ మొండితనమే అనుకున్నాను. "పాడింది నేను. కట్టింది నేనూ కాదు, ఆయనా కాదు," అనేది అత్త. ఆ మాట విలువ నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది.

ఒకసారి పోదనూరు స్టేషను బయట టీకొట్టులో ఆ రికార్డు వేశారు. నాతో నడుస్తున్న అత్త ఎండలోనే ఆగిపోయింది. "టీ వేణుమా అమ్మా?" అని తమిళంలో, టీ కావాలా అన్నట్టు అడిగాడు కొట్టతను. ఆగమన్నట్టు చెయ్యెత్తింది. బస్సు హారను మోగితే ఒక చెవి మూసుకుని, రెండోది కొట్టు వైపు తిప్పింది. పాడుతున్నది తనేనని చెప్పలేదు. పాట అయ్యేదాకా అలాగే, తల పక్కకు వంచి నిలబడింది.