ఐపీ నోటీసులో పదిహేడో పేరు

మా వీధి చివరి మేడలో ఉండే మిర్చి కమీషన్ వ్యాపారి నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. గుంటూరులో ఆ వీధిలోనే మాది పరుపుల దుకాణం. మా ఆయన దూది ఏకుతాడు, నేను కుట్టుపనీ బేరాలూ చూసుకుంటాను. వడ్డీ నెలనెలా ఠంచనుగా తెచ్చి ఇచ్చే మనిషి కదా అని, పదేళ్ళుగా మేం కూడబెట్టింది ఆయన చేతిలో పెట్టాను. కనిగిరి దగ్గర పల్లెలో ఉండే మా అక్క, బోరు వేయించుకోవడానికి గేదెల్ని అమ్మి దాచుకున్న డబ్బు కూడా నా మాట మీదే పంపింది. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెడుతున్నాను, రేటు పెరుగుతుంది అని ఆయన అంటే, నా గాజులు తాకట్టు పెట్టి మరికొంత ఇచ్చాను. అన్నిటికీ నా పేరు మీదే ప్రోనోట్లు రాసిచ్చాడు.

ఒక మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ కవరు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ఆ వ్యాపారి ఐపీ పెట్టాడు. అప్పులు తీర్చే శక్తి నాకు లేదని కోర్టులో వేసే దివాలా పిటిషన్‌ను మావైపు అలా అంటారు. అప్పిచ్చినవాళ్ళ పేర్లు వరసగా టైపు చేసి ఉన్నాయి. నాది పదిహేడోది. మా ఆయన మిషను ఆపేసి, ఏకిన దూదిలోనే కూలబడిపోయాడు. అక్కకు ఫోన్ చేసి చెప్పాను. తిడుతుందనుకున్నాను. సరేలే అని పెట్టేసింది. తర్వాత ఆర్నెల్లు నాకు ఫోన్ చేయలేదు.

అద్దె ఇల్లు ఖాళీ చేసి దుకాణం వెనక గదిలోకి మారాం. గాజులు విడిపించుకోలేక వదిలేశాను. మిషను అమ్మేద్దామని మా ఆయన అంటే, అది అమ్మితే తినేదేమిటని స్కూటర్ అమ్మించాను. ఆ ఏడు రంజానుకు పిల్లలకు కొత్త బట్టలు కుట్టించలేదు. మంగళగిరిలో కొత్తగా వెలుస్తున్న హాస్టళ్ళ చుట్టూ తిరిగి పరుపుల ఆర్డర్లు పట్టుకొచ్చాను. గల్లాపెట్టెలోంచి ముందు అక్క బాకీకి కొంత తీసి, మిగిలినదాంతో బియ్యం కొనేదాన్ని.

నష్టపోయినవాళ్ళందరిలాగే మేమూ తిట్టుకుంటూ బతికేసేవాళ్ళమేమో. కానీ ఆ రోజుల్లోనే పెదకాకానిలో ఒక సత్రానికి పరుపులు దింపడానికి వెళ్ళాను. గుడి ముందు వాహనపూజ జరుగుతోంది. కొత్త కారు, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. స్టీరింగు ముందు కూర్చున్నది ఆయనే. నేను ఆటో దిగి ఎదురుగా నిలబడ్డాను. కారు బావమరిదిదని అడక్కుండానే చెప్పాడు. మా డబ్బు సంగతి అడిగాను.

"లిస్టులో నీ పేరు కూడా రాయించాను కదా చెల్లెమ్మా. ఇంకేమున్నా కోర్టులో చూసుకో" అన్నాడు. అని, అద్దం పైకెత్తేశాడు.

మర్నాడే ఒక లాయరు దగ్గరికి వెళ్ళాను. ఐపీ నోటీసు అందుకున్నవాళ్ళు చాలామంది కోర్టు గడప తొక్కరని, పోయిన డబ్బు వెనక ఇంకా డబ్బు పోయొద్దని ఆయన నచ్చజెప్పాడు. నేను వినలేదు. ప్రోనోట్ల మీద దావా వేయించాను. ఆస్తి ఎప్పుడు ఎవరి చేతికి మారిందో చెప్పే ఈసీ కోసం, మేడ డోరు నంబరు ఇచ్చి దరఖాస్తు పెట్టాను. ఐపీకి సరిగ్గా నలభై రోజుల ముందు ఆ మేడ బావమరిది పేరుకు మారింది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు, నోటీసు అందాక మొదటిసారి కడుపు నిండా అన్నం తిన్నాను.

దాన్ని జిరాక్సులు తీయించి, జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి ఇచ్చాను. ఒక్క వాయిదా మానలేదు. ఆయన కోర్టు వరండాలో ఎక్కడ నిలబడితే నేనూ అక్కడే, ఎదురుగా నిలబడేదాన్ని. నోరు విప్పేదాన్ని కాదు. మొదట్లో నవ్వేవాడు. తర్వాత స్తంభం చాటుకు వెళ్ళేవాడు. నేనూ అటు జరిగేదాన్ని.

మూడో ఏడు, అక్క డబ్బు పైసాతో సహా తీర్చిన కొద్దిరోజులకు, ఆయన భార్య దుకాణానికి వచ్చింది. సగం ఇస్తాం, కేసు వదిలేయమంది.

"వీధిలో తలెత్తుకోలేకపోతున్నాం వదినా" అంది.

"మా అక్క తలెత్తుకుని తిరిగిందా?" అన్నాను.

ఏడ్చింది. మా ఆయన లోపల్నుంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. అక్కడ పెట్టెయ్యమన్నాను. ఆమె తాగకుండానే వెళ్ళిపోయింది. ఆమె చేసిన తప్పేమీ లేదు. అది నాకు అప్పుడూ తెలుసు.

కోర్టు ఐపీ కొట్టేసింది. మేడ రాసివ్వడం అప్పులు ఎగ్గొట్టడానికేనని తీర్పులో రాశారు. మేడ జప్తుకు కోర్టు అటాచ్‌మెంటు మొదలయ్యేసరికి, మిగతావాళ్ళూ మీదపడేసరికి, మేడ అమ్మక తప్పలేదు. లెక్క తేల్చుకోవడానికి లాయరు ఆఫీసులో కూర్చున్నాం. వడ్డీ వదిలెయ్ చెల్లెమ్మా అని అడిగాడు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, వదిలేయమన్నట్టు.

"వడ్డీ వదులుకోమని మీరెప్పుడైనా ఎవరికైనా చెప్పారా అన్నయ్యా?" అన్నాను. వడ్డీతో సహా తీసుకున్నాను.

వాళ్ళు సామాను ఎత్తిన రోజు బేరం చూడకుండా దుకాణం మెట్ల మీద నిలబడ్డాను. బీరువా, డైనింగ్ టేబులు, తులసికోట అన్నీ లారీ ఎక్కాయి. లోపలికి రమ్మని మా ఆయన రెండుసార్లు పిలిచాడు. లారీ మలుపు తిరిగేదాకా కదల్లేదు. ఇప్పుడు ఆ వ్యాపారి మిర్చి యార్డులో ఎవరి దగ్గరో గుమస్తాగా చేస్తున్నాడు.

వాళ్ళు సామాను ఎత్తిన రాత్రి అక్క ఫోన్ చేసింది. ఇప్పటికైనా మనసు కుదుటపడిందా అని అడిగింది. వాళ్ళు ఏ పేటలో దిగారో, అద్దె ఎంతో కనుక్కున్నానని చెప్పాను.