పూసిందల్లా నోట్లకే

మొన్న మనవరాలు తన పాపకు స్నానం చేయించి, కొత్త క్రీము డబ్బా మూత తీసింది. గదంతా మల్లెపూల వాసన. ఆ క్రీము పాప నోట్లోకి పోతేనో అని అడగబోయి, ఒక్క క్షణం ఆగాను. ఆ ప్రశ్న నాది కాదు, మా అత్త బాలమ్మది.

కోస్గికి దగ్గరి పల్లెలో మాది గొర్రెలు కాసే ఇల్లు. ఊళ్ళో ఎవరికి కాన్పయినా బిడ్డకు మా అత్తే నీళ్ళు పోయాలి. కాళ్ళు చాపుకొని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టుకొని ఆమె ఆముదం రాస్తుంటే, ఎంత ఏడ్చే పిల్లయినా మెల్లగా నిద్రలోకి జారుకునేది. తల్లులు ఆమె మాటకు ఎదురు చెప్పేవారు కాదు.

అరవైల్లో ఒక ఎండాకాలం. నా పెద్దకూతురు సత్తెమ్మ అప్పటికింకా పాలు తాగే పిల్ల. మెడ మడతల్లో, తొడల సందుల్లో ఎర్రగా ఒరిసిపోయి నీరు కారసాగింది. ముట్టుకుంటే గుక్కపట్టి ఏడ్చేది. ఆ బాధ చూడలేక మా ఆయన, గొర్రెల పేలకు చల్లే తెల్లపొడిని ఆముదంలో కలిపి అరచేతిలో వేసుకొని వచ్చాడు. అత్త అతని మణికట్టు పట్టుకుంది.

"గొర్లకు రెండు దినాలల్ల తక్కువైంది గదమ్మా" అన్నాడు ఆయన.

"గొర్రెకు ఉన్ని ఉన్నది. దీనికేమున్నది? చెయ్యి నోట్లె పెట్టుకోకుంట జరసేపన్న ఉంటదా? పసిపిల్లకు పూసిందల్లా నోట్లకే పోతది కొడుకా."

మరి నువ్వేం పెడతావని ఆయన అడిగాడు. అప్పటికే అత్త వేపాకు, పసుపు నూరి ఉంచింది. చూడవచ్చిన ఆడవాళ్ళంతా ఆమె చేతివైపే చూస్తున్నారు. ఆమె పిల్ల మెడ మడత విప్పి చాలాసేపు చూసింది. తర్వాత ముద్దను పక్కకు జరిపింది.

"పచ్చిపుండు మీద నేనెన్నడు పెట్టలే. నాకు తెల్వది. దవాఖానకు పోదాం."

బండి కట్టుకొని కోస్గికి పోయాం. తెల్లపొడినీ, తన పసుపు ముద్దనూ అత్త వేరువేరు గుడ్డల్లో మూటగట్టి తెచ్చింది. రెండూ నర్సు ముందు విప్పింది. పొడి పురుగులను చంపే విషమనీ, ఒరిసిన చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతుందనీ నర్సు చెప్పింది. పసుపు ముద్ద కూడా పచ్చిపుండుకు పనికిరాదంది. అత్త చిన్నబుచ్చుకోలేదు. కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి, మెత్తని పాతబట్టతో అద్ది, గాలి తగలనివ్వమనీ, పుండు మానేదాకా నూనె రాయవద్దనీ చెబుతూ నర్సు ఒక మలాము చేతిలో పెడితే, అత్త అడిగిన మొదటి మాట ఇదే: "గిది నోట్లకు పోతే?" నర్సు నవ్వి, పలుచగా రాసి, ఆరేదాకా పిల్ల చెయ్యి తగలకుండా చూడమంది.

సత్తెమ్మ ఒళ్ళు మెల్లగా ఆరి, మామూలైంది. ఆ తర్వాత మా ఆయన గొర్రెల దగ్గర్నుంచి వస్తే, సబ్బుతో చేతులు కడగనిదే పిల్లను ఎత్తుకునేవాడు కాదు. అత్త కూడా ఒరిసిన ఒంటికి పసుపు పెట్టడం మానేసింది. కొందరు ముసలమ్మలు గొణిగినా పట్టించుకోలేదు.

అత్త పోయాక తల్లులు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. తెలిసింది చెబుతాను. తెలియనప్పుడు, అందరూ నావైపే చూస్తుండగా, నాకు తెల్వదు, దవాఖానకు పోదామంటాను. ఆ మాట అనేముందు ఇప్పటికీ చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు ఒకసారి చూస్తాను. అత్త ఆ రోజు పిల్లనే చూసింది.