పాటల వెనుక మిగిలిన కాఫీ

శారదా, నిన్న మెట్ల మీద నువ్వన్నట్టు నాకు రాక్ పాటలంటే కోపమేమీ లేదు. బృందాన్ని వదిలి ఒంటరిగా ఆల్బమ్ తెచ్చిన ఆ కుర్రాడి గొంతు బాగానే ఉంది. సరోజినీ నగర్ బజారంతా అదే మోగుతోంది. ఈ ఉదయం మా మనవడు రవి బీరువాలోంచి పాత క్యాసెట్ తీసుకెళ్లి, ఆ పాటలన్నీ స్నేహితుడింట్లో దాని మీదికి ఎక్కించుకొచ్చాడు. ఆ క్యాసెట్‌లో మావారు పోయేముందు చెప్పిన చిన్ననాటి కబుర్లుండేవి. పైన పేరు రాయని తెలివితక్కువది నేనే.

"అమ్మమ్మా, ఖాళీదనుకున్నాను. మాఫ్ కరో, తప్పయింది," అన్నాడు తెల్లబోయి.

"ఇప్పుడు ఖాళీదే నాయనా," అన్నాను.

పాటలయ్యాక టేపు చివర పాత మాటలు కాస్త చెరగకుండా మిగిలాయి. "ఏమోయ్, కాఫీ ఏమైంది?" అన్నారాయన. "నాకున్నవి రెండే చేతులు, ఆగండి!" అని నేను కసిరాను. అంతటితో అయిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో మిగలడానికి నా కసురే దొరికిందా? మీ ఇళ్లలో ఏం మిగిలిందో మెట్ల దగ్గర అంటించిన ఈ కాగితం కిందే అందరూ రాయండి.

ఇంటివాళ్ల గొంతులున్న క్యాసెట్లకు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరగ్గొడితే ఇంకెవరూ ఆ క్యాసెట్ల మీద ఏదీ ఎక్కించలేరు. శారదా, మీ ఆయనకి స్క్రూడ్రైవరిచ్చి ఇప్పుడే పంపు. ముందు నా కసురును కాపాడాలి.